పలక రాళ్ల మీద పరుగు

గిద్దలూరులో తెల్లారగట్ల లేచేవాళ్లకు తెలిసిన సంగతే. పోలీసు ఉద్యోగానికి తయారయ్యే పిల్లలు ముగ్గురు నలుగురు చొప్పున హైవే వెంట పరుగెత్తుతుంటారు. 544డి జాతీయ రహదారి మీద గుంటూరుకూ అనంతపురానికీ మధ్య తిరిగే లారీలు వాళ్ల భుజాల పక్కనుంచే దూసుకుపోతుంటాయి. కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో మగపిల్లలు 1,600 మీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి. అదే అటవీ శాఖలో బీట్ ఆఫీసర్ ఉద్యోగమైతే మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడిచి చూపించాలి. మొదటిది ఊపిరికి పరీక్ష, రెండోది కాళ్లకు. మన పిల్లలు రెండింటికీ తారురోడ్డు మీదే తయారవుతున్నారు. రోడ్డు దిగి పొలాల్లోకి పోయే డొంక పట్టుకుంటే లారీల బెడద ఉండదు, పైగా తారు నేర్పలేని విద్య ఒకటి అక్కడ దొరుకుతుంది.

దాన్నే ప్రపంచమంతా ట్రైల్ రన్నింగ్ అంటోంది. మట్టిబాటల మీద, గుట్టల మీద, అడవి అంచుల్లో పరుగెత్తడం. 2013లో ఏర్పడిన అంతర్జాతీయ ట్రైల్ రన్నింగ్ సంఘం దీనికి పెట్టిన కొలత ఒకటుంది: పందెం దారిలో తారు, సిమెంటు భాగం ఐదో వంతుకు మించకూడదు. ఆల్ప్స్ కొండల్లో మోబ్లా శిఖరం చుట్టూ 170 కిలోమీటర్ల పైచిలుకు సాగే పందెం 2003లో మొదలైంది. ఇప్పుడు అందులో చోటు కోసం లాటరీ తీయాల్సివస్తోంది. హైదరాబాదు, చెన్నై లాంటి నగరాల వాళ్లు మట్టి మీద పరుగెత్తాలంటే శని, ఆదివారాల్లో కార్లెక్కి ఊరు దాటాలి. గిద్దలూరు వాళ్లకు ఆ తిప్పలు లేవు. పడమర నల్లమల, తూర్పున వెలికొండలు, నడుమ సన్నటి లోయ. ఈ లోయలో సగిలేరు దక్షిణానికి పారి పెన్నలో కలుస్తుంది. నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టిన గుండ్లకమ్మ ఈశాన్యంగా కంభం చెరువుకు చేరుతుంది. అంటే ఈ ప్రాంతం రెండు నదులకు నీళ్లు పంచే మిట్ట. మిట్ట ఉన్నచోట ఎక్కుడూ దిగుడూ ఉంటాయి. పరుగు నేర్చుకునేవాళ్లకు అంతకన్నా కావలసిందేముంది!

ఇక్కడి నేల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మన కాలికింద ఉన్నది కడప శిలా క్షేత్రంలోని నల్లమల భాగం. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాళ్లు ఇవి. ఒకప్పుడు ఇది నీటికింద ఉన్న పల్లం. ఇందులో కొన్నిచోట్ల ఇసుక పేరుకుంది, కొన్నిచోట్ల మెత్తటి బురద పేరుకుంది. ఆ తర్వాత భూమి ఒత్తిడికి ఈ పొరలు నలిగి, మడతలు పడ్డాయి. ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి క్వార్ట్‌జైట్ అయింది. సుత్తి దెబ్బకు కూడా తొందరగా లొంగని రాయి అది. బురదలోని సన్నటి ఖనిజ రేకులు ఒత్తిడికి అన్నీ ఒకే దిక్కుకు తిరిగి సర్దుకున్నాయి. అందుకే ఆ రాయి పొరలు పొరలుగా విడిపోతుంది. అదే పలక రాయి. మార్కాపురానికి పేరు తెచ్చిన రాయి. మన తాతలు అక్షరాలు దిద్దిన పలకలు ఈ పొరల్లోంచి వచ్చినవే. భూవిజ్ఞానులు ఈ రాళ్ల వరసకు కంభం పేరే పెట్టారు.

కోట్ల ఏళ్లుగా వానలు పలక రాతిని అరగదీసి లోయ చేశాయి. క్వార్ట్‌జైట్ అరగక శిఖరాలై నిలబడింది. పరుగెత్తేవాడికి దీని అర్థం ఏమిటంటే, ఊరి నుంచి కొండవైపు పోయేకొద్దీ కాలికింద నేల ఒక క్రమంలో మారిపోతుంది. మొదట పొలాల మట్టి, మెత్తటి డొంక. తర్వాత పలక ముక్కలు పరుచుకున్న గరుకు నేల. గుట్ట మొదట్లో పైనుంచి దొర్లిపడ్డ క్వార్ట్‌జైట్ రాళ్లు. అంచులు పదునుగా ఉంటాయి, కాలు మోపితే కదులుతాయి. పలక రాయి ఎండినప్పుడు మంచి పట్టే ఇస్తుంది. తడిస్తే మాత్రం నున్నటి రాతికీ చెప్పుకూ మధ్య సన్నటి నీటి పొర నిలిచి, కాలు జర్రున జారుతుంది. వాన కురిసిన మర్నాడు గుట్టల జోలికి పోవద్దని ఇక్కడి మేకల కాపరులు చెప్పేది ఇందుకే. కొత్తవాళ్లు ఈ మూడు రకాల నేలనూ వరసలో నేర్చుకోవాలి: ముందు డొంక, తర్వాత పలక, ఆఖరున కొండరాళ్లు. చాలామంది తిరగేసి మొదలుపెట్టి చీలమండ బెణికించుకుంటారు.

ఎగుడుదిగుడు నేల మీద మనిషి పడిపోకుండా ఎలా పరుగెత్తగలుగుతున్నాడన్నది శాస్త్రజ్ఞులకు చాలాకాలం పజిలే. పరుగులో ఒక్కో పాదం నేలను అంటిపెట్టుకుని ఉండేది సుమారు పావు సెకను. పాదం కింద రాయి కదిలిందన్న కబురు నరాల గుండా వెన్నుపాముకు పోయి, అక్కడినుంచి ఆజ్ఞ కండరానికి తిరిగొచ్చి, కండరం బిగిసేసరికి అందులో చాలా భాగం అయిపోతుంది. మెదడు తెలుసుకుని ఆలోచించేసరికి కాలు పైకి లేచే ఉంటుంది. మరి ఆదుకుంటున్నది ఏది?

2006లో హార్వర్డ్‌లో మోనికా డేలీ, ఆండ్రూ బీవెనర్ గిన్నీకోళ్ల మీద ఒక ప్రయోగం చేశారు. అవి పరుగెత్తే దారిలో ఎనిమిదిన్నర సెంటీమీటర్ల లోతు గుంట పెట్టి, పైన పల్చటి కాగితం కప్పి ఉంచారు. కోడికి గుంట ఉన్నట్టు తెలియదు. కాలు దిగబడింది. అయినా దాదాపు ఎప్పుడూ పడిపోలేదు. నేల అందకపోయేసరికి కాలు దానంతటదే కొంచెం చాచుకుని, ఆ కొత్త కోణంలోనే ఒంటి బరువును మోసింది. నరాల ఆజ్ఞ రాకముందే కాలి నిర్మాణం, కండరాల స్ప్రింగు గుణం పని కానిచ్చేశాయన్నమాట. మనుషుల మీద జరిగిన పరిశోధన మరింత ఆసక్తికరం. నిహవ్ ధవళే, మధుసూదన్ వెంకటేశన్ తదితరులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, ఎగుడుదిగుడు నేల మీద పరుగెత్తేవాళ్లు చదునైన చోటు వెతుక్కుని మరీ పాదం మోపడం లేదు. అడుగు ఎక్కడ పడినా కాళ్లను బిర్రబిగించకుండా, ఒడిదుడుకులను కాలే మింగేసేలా వదులుగా ఉంచుతున్నారు. నిలకడ అక్కడే దొరుకుతోంది.

అందుకే కొత్తవాళ్లకు చెప్పే మొదటి మాట: మోకాలు కొంచెం వంచి, అడుగులు చిన్నవిగా, తొందరతొందరగా వేయండి. పెద్ద అంగలో కాలు చాచి ముందుకు వేస్తే మోకాలు నిటారుగా ఉంటుంది, రాయి కదిలినప్పుడు సర్దుకునే వీలుండదు. చీలమండ వెలుపలి పక్కన ఉండే కండరాలే పాదం లోపలికి మడతపడకుండా ఆపుతాయి. వాటికి ఇంట్లోనే శిక్షణ ఇవ్వొచ్చు. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. అలవాటయ్యాక కళ్లు మూసుకుని ప్రయత్నించండి. చూసేవాళ్లు నవ్వినా, ఇంత చవకగా వచ్చే వ్యాయామం ఇంకోటి లేదు.

ఎగుడుదిగుడు నేల మీద పరుగు చాలా శక్తి తింటుందని అందరూ అనుకుంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో అలెగ్జాండ్రా వొలొషినా, డేనియల్ ఫెరిస్ రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుపల్లాలున్న ట్రెడ్‌మిల్ తయారుచేసి లెక్క కట్టారు. చదును నేలతో పోలిస్తే నడకకు 28 శాతం ఎక్కువ శక్తి పట్టింది. పరుగుకు మాత్రం 5 శాతమే పెరిగింది. స్ప్రింగులా పనిచేసే కాలికి చిన్న గతుకులు పెద్ద లెక్కలోకి రావన్నమాట. గతుకుల డొంకను చూసి భయపడాల్సిన పని లేదు.

ఇక చూపు. కొండదారుల్లో నడిచేవాళ్ల కళ్లకు పరికరాలు తగిలించి జొనాథన్ మాథిస్ బృందం 2018లో గమనించింది. నేల ఎలాంటిదైనా జనం తాము సుమారు ఒకటిన్నర సెకన్ల తర్వాత చేరబోయే చోటునే చూస్తున్నారు. నేల కఠినమైతే చూపును దగ్గరకు లాక్కోవడంతోపాటు నడక వేగమూ తగ్గించుకుంటున్నారు. ఇది నడక మీద చేసిన పరిశీలన. దాన్నే నెమ్మదైన పరుగుకు వర్తింపజేస్తే పది పన్నెండు అడుగుల ముందుకు చూడాలని లెక్క తేలుతుంది. కొత్తవాళ్లు సరిగ్గా పాదాల ముందుకే చూస్తారు. అప్పటికే వేసేసిన అడుగుకు ఆ చూపు ఏం సాయం చేస్తుంది? చెవుల్లో పాటలు పెట్టుకోవడం, నడుమ నడుమ ఫోను చూసుకోవడం డొంక మీద పనికిరావు.

ఎక్కుడు దగ్గర చాలామందికి పౌరుషం పొడుచుకొస్తుంది. అది అక్కర్లేదు. అల్బెర్టో మినెట్టి, ఆయన సహచరులు 2002లో కొండ పరుగులో ఆరితేరిన వాళ్లను వాలు మార్చగలిగే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, వాళ్లు పీల్చే ప్రాణవాయువును కొలిచారు. వంద అడుగుల దూరానికి నలభై ఐదు అడుగులు లేచే వాలులో పరుగెత్తాలంటే చదును మీదకన్నా ఐదున్నర రెట్ల శక్తి కావాలి. వంద అడుగులకు ఇరవై దిగే వాలులో మాత్రం సగం శక్తితోనే పని జరిగిపోతుంది. వాలు బాగా నిటారైనప్పుడు, సుమారు పదహారు డిగ్రీలు దాటాక, అంతే ఎత్తును అంతే సమయంలో ఎక్కడానికి పరుగుకన్నా నడకే తక్కువ ఖర్చని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ప్రపంచ ఛాంపియన్లు కూడా నిటారు కొండను చేతులు తొడల మీద పెట్టుకుని నడిచే ఎక్కుతారు. మన పిల్లలు నడవడం ఓటమి అనుకుంటారు. మాట్లాడుతూ పరుగెత్తలేకపోతున్నామంటే అప్పుడే నడకలోకి దిగాలి.

దిగుడు సగం శక్తితో అయిపోతుందన్నాను కదా, కానీ దాని అసలు ఖరీదు మర్నాడు తెలుస్తుంది. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాలి. అలా సాగుతూ పనిచేసినప్పుడే కండరపు పోగుల్లో సన్నటి గాయాలు ఎక్కువగా అవుతాయి. రెండో రోజుకు నొప్పి బాగా ముదురుతుంది. బాత్రూములో కూర్చుని లేవలేని పరిస్థితి. ఇందులో ఒక మంచి కూడా ఉంది. ఒకసారి కొద్దిపాటి దిగుడు పరుగుతో కండరాన్ని అలవాటు చేస్తే, కొన్ని వారాలపాటు అదే శ్రమకు అంత గాయం కాదు. కాబట్టి మొదటిసారి గుట్ట దిగేటప్పుడు సగం దూరం నడిచి, మిగతా సగమే పరుగెత్తాలి. శ్రుతిమించాక మూత్రం కాఫీ రంగులో వస్తే కండరం కరిగి మూత్రపిండాలకు చేరుతోందని అర్థం. అప్పుడు ఇంట్లో పడుకోకూడదు, ఆసుపత్రికి పోవాలి.

గుండె, ఊపిరితిత్తులు వారాల్లోనే మెరుగుపడతాయి. ఎముకలూ స్నాయువులూ అలా కాదు. ఎముక మీద బరువు పెరిగితే శరీరం ముందు పాత పదార్థాన్ని తవ్వి తీసేసి, తర్వాత నెమ్మదిగా కొత్తది నింపుతుంది. ఈ చక్రం పూర్తికావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. తవ్వడం అయి నింపడం కాని మొదటి వారాల్లో ఎముక మునుపటికన్నా బలహీనంగానే ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనకు ఊపిరి కుదిరి, ఉత్సాహం పెరిగి, దూరం రెట్టింపు చేయాలనిపిస్తుంది. ఉద్యోగాల నోటిఫికేషన్ వచ్చాక హడావుడిగా మొదలుపెట్టేవాళ్లలో ముంగాలి ఎముకలో సన్నటి పగుళ్లు రావడం వెనక ఉన్న లెక్క ఇదే. వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున, నడకా పరుగూ కలిపి మొదలుపెడితే చాలు. మొదటి మూడు నెలలూ మైళ్ల లెక్క మరిచిపోయి నిమిషాలు చూసుకోండి. మెత్తటి డొంక మీద ఉన్న బూట్లే సరిపోతాయి. అడుగున గుబ్బలున్న ట్రైల్ బూట్లు వేలకు వేలు పోసి కొనడం గుట్టలెక్కేదాకా వాయిదా వేయొచ్చు. అడుగు అరిగిపోయిన బూట్లు మాత్రం పలక రాతి మీద ప్రమాదం.

గిద్దలూరు వైపు ఎండ గురించి ఎవరికీ చెప్పనక్కర్లేదు. కండరాలు వాడే శక్తిలో నాలుగింట మూడొంతులు వేడిగానే బయటపడుతుంది. ఆ వేడిని మోసుకుపోయేది చెమట. లీటరు చెమట ఆవిరైతే 580 కిలో క్యాలరీల దాకా వేడి పోతుంది. మన దగ్గర గాలి పొడిగా ఉండటంతో చెమట పుట్టగానే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కాబట్టి చెమట పట్టలేదనుకుంటాం. ఇంటికొచ్చాక వీపు మీద తెల్లటి ఉప్పు చారలు చూస్తేగాని ఎంత పోయిందో తెలియదు. ఎండకు శరీరం అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో సూర్యుడు లేచాక పరుగు మానడమే తెలివి. గంట దాటే పరుగుకు నీళ్లు వెంట ఉండాలి. ఆ నీళ్లు ఇంటినుంచే తెచ్చుకోవాలి. ఈ ప్రాంతపు బోర్లలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది. చేలో మోటారు కనిపించిందని కడుపునిండా తాగడం అలవాటు చేసుకోకూడదు. చెమట బాగా పట్టిన రోజున ఓఆర్‌ఎస్ పొట్లం లీటరు నీళ్లలో కలుపుకుంటే ఉప్పు లోటు తీరుతుంది. దాహానికి మించి వట్టి నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి అదో ప్రమాదం.

డొంకల్లో ఉండే ప్రమాదాల్లో మొదట చెప్పాల్సింది పాములు కాదు, కరెంటు తీగలు. అడవిపందులు చేలో పడకుండా కొందరు చట్టానికి విరుద్ధంగా గట్ల వెంట విద్యుత్ తీగలు కడతారు. చీకట్లో అవి కనిపించవు. అందువల్ల చేల గట్ల మీద వెలుతురు వచ్చాకే పరుగు. రెండోది ఊరి చివర కుక్కలు. కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు టీకా మొదలుపెట్టాలి. మూడోది సర్కారు తుమ్మ ముల్లు, పల్చటి బూటు అడుగును చీల్చుకుని పాదంలో దిగుతుంది. రాళ్ల సందుల్లో చిన్న పింజరి, చేలల్లో రక్త పింజరి ఉంటాయి. కాటు పడితే కోయడం, కట్లు బిగించడం, మంత్రాలు వేయించడం ఏదీ వద్దు. కాలు కదపకుండా 108కి ఫోను చేయాలి. ఆడపిల్లలకు వీటన్నిటికన్నా ముందు ఒంటరితనమే అడ్డంకి. నలుగురు కలిసి వెళ్లే ఏర్పాటు లేకపోతే ఈ వ్యాసంలోని సలహాలన్నీ మగవాళ్లకే పరిమితమైపోతాయి. కాలేజీల వ్యాయామ ఉపాధ్యాయులు చొరవ తీసుకుంటే ఇది తేలిగ్గా అయ్యే పని.

ఇంత చెప్పాక నల్లమల సంగతి. అడవి అంత దగ్గరుంటే లోపలికి పోకుండా ఉండటం కష్టమే. కానీ పోకూడదు. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, దాన్ని ఆనుకుని ఉన్న నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం చట్టం పరిధిలో ఉన్న చోట్లు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో అడుగుపెట్టాలంటే అనుమతి ఉండాలి. చట్టం ఒక్కటే కారణం కాదు. నడిచేవాడి అలికిడి దూరంనుంచే వినపడి జంతువులు తప్పుకుంటాయి. పరుగెత్తేవాడు మలుపు తిరిగి ఒక్కసారిగా ఎదురుపడతాడు. ఎలుగుబంటి అలా ఉలిక్కిపడినప్పుడే మీదపడుతుంది. చిరుతకు పరుగెత్తేది ఏదైనా వేటలాగే కనిపిస్తుంది. గిద్దలూరు - నంద్యాల దారిలోని పచ్చర్ల దగ్గర 2024 జూన్‌లో చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది. వేసవిలో అడవికి అగ్ని భయం కూడా ఉంటుంది. 2018 మార్చిలో తమిళనాడులోని కురంగణి కొండల్లో మంటల మధ్య చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కింగు బృందాల వాళ్లు చనిపోయారు. ఎండుగడ్డి కొండవాలులో మంట, మనిషి ఎక్కగలిగేదానికన్నా వేగంగా పైకి పాకుతుంది.

అలాగని నల్లమలలో మనిషి కాలినడక కొత్తదేం కాదు. చెంచులు తరతరాలుగా తేనెకూ దుంపలకూ ఈ రాళ్ల మీదే తిరిగారు. శివరాత్రికీ ఉగాదికీ వేలమంది భక్తులు, వారిలో కన్నడిగులే ఎక్కువ, ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచివెళతారు. ఆ కొద్ది రోజులకు అటవీ శాఖ దారి తెరుస్తుంది. నీళ్లూ వైద్యమూ ఏర్పాటవుతాయి. గడువు తీరగానే దారి మూతపడుతుంది. అంటే జంతువులకూ మనుషులకూ సమయాలు పంచే పద్ధతి నల్లమలలో ఇప్పటికే ఉంది. పచ్చర్లలో, తుమ్మలబైలులో శాఖ నడుపుతున్న పర్యాటక కేంద్రాల అనుభవమూ ఉంది.

ఆ పద్ధతిని వాడుకోవడానికి ఒక చోటు తయారుగా ఉంది. 1880లలో దక్షిణ మరాఠా రైల్వే వేసిన మీటర్‌గేజ్ మార్గం గిద్దలూరు దాటాక దిగువమెట్ట దగ్గర నల్లమలలోకి ఎక్కుతుంది. 1990లలో బ్రాడ్‌గేజ్‌కి మార్చినప్పుడు కనుమలో కొంత భాగానికి కొత్త దారి తీశారు. దొరబావి వంతెన, పాత బొగద సొరంగం ఉన్న భాగం వాడకంలోంచి తప్పుకుంది. రైలుకట్ట వాలు మామూలుగా వంద మీటర్లకు రెండు మూడు మీటర్లు మించదు. మినెట్టి లెక్కల్లో అది దాదాపు చదునే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకూ పెద్దవయసువాళ్లకూ ఇంత అనువైన కొండదారి ఇంకెక్కడా దొరకదు. శీతాకాలంలో నెలకు ఒకటి రెండు ఆదివారాలు, పగటిపూట, అటవీ సిబ్బందీ చెంచు గైడ్లూ తోడుగా, పరిమిత సంఖ్యలో జనాన్ని ఆ కట్టలో అనువైన ముక్క మీదికి అనుమతించే విషయం అటవీ శాఖ, రైల్వే శాఖ కలిసి పరిశీలించాలి. జంతువులకు ఇబ్బంది అని శాస్త్రీయంగా తేలితే వద్దు. తేలకపోతే గిద్దలూరు, నంద్యాల పిల్లలకు ఆ అవకాశం ఇవ్వాలి. అప్పటిదాకా ఊరి డొంకలు ఉన్నాయి. నవంబరు ఆఖరున మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు మూడు నెలల చల్లటి రోజులు చేతిలో ఉంటాయి.